ఆ అమ్మాయిలు ముప్పై ఏళ్లు నోరు విప్పలేదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల ఈ పేజీలో రెండో ప్రపంచ యుద్ధం నాటి నవలల గురించి రాస్తూ, బ్లెచ్లీ పార్క్ నేపథ్యంగా వచ్చిన నవలలు ఒక్కటైనా చదవమన్నాను. లండన్‌కు వాయవ్యంగా 50 మైళ్ల దూరంలో ఉన్న ఆ పాత బంగళాలోనూ, దాని చుట్టూ వేసిన చెక్క షెడ్లలోనూ కూర్చుని బ్రిటిష్ వాళ్లు జర్మన్ల రహస్య సందేశాలను విప్పారు. యుద్ధం చివరికొచ్చేసరికి అక్కడ పనిచేసేవాళ్లు తొమ్మిది వేలు దాటారు, వాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. ఆ అమ్మాయిల స్నేహాలే ఈ నవలలకు ప్రాణం. ఇటీవల ఏ విషయం మీదా ఇన్ని ఉత్తరాలు రాలేదు. ఒకే ప్రశ్న పదిమంది అడిగినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాను.

రాజమహేంద్రవరం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని: మేడమ్, మా కొలీగ్ బలవంతం మీద మీరు చెప్పిన రకం నవల ఒకటి మొదలుపెట్టాను. అమ్మాయిలు రైలు దిగడం, ఒకే ఇంట్లో అద్దెకు దిగడం, ఆ ఇంటావిడ చాదస్తం, అన్నీ భలే ఉన్నాయి. వందో పేజీ దాటాక మాత్రం రోటర్లు, క్రిబ్బులు అంటూ ఏదేదో మొదలైంది. నేను కామర్స్ చదివాను, లెక్కలంటేనే టెన్షన్. ఆ పేజీలు తిప్పేస్తే కథ అర్థమవుతుందా?

తిప్పేయకండి, అలాగని వాటితో కుస్తీ కూడా పట్టకండి. ఈ నవలల్లో సంకేతం విప్పాల్సింది మీరు కాదు, ఆ పిల్ల. ఆమె ఎలా విప్పిందో మీకు పూర్తిగా అర్థం కాకపోయినా, విప్పేటప్పుడు ఆమెకేమైందో అర్థమైతే కథ ఎక్కడికీ పోదు. అయినా కాస్త తెలిసుంటే రుచి పెరుగుతుంది కాబట్టి చెబుతాను.

ఎనిగ్మా అంటే జర్మన్లు తమ సందేశాలను సంకేతంగా మార్చడానికి వాడిన యంత్రం, చూడ్డానికి టైపు మెషీన్ లాంటి పెట్టె. ఒక మీట నొక్కితే పైన ఇంకో అక్షరం దగ్గర దీపం వెలుగుతుంది. నొక్కిన ప్రతిసారీ లోపల చక్రం (మీరన్న రోటర్ ఇదే) ఒక గడి తిరుగుతుంది కాబట్టి, అదే మీట మళ్లీ నొక్కితే ఈసారి వేరే అక్షరం వస్తుంది. ఐదు చక్రాల్లో ఏ మూడు పెట్టాలి, ఏ వరసలో పెట్టాలి, ఎక్కడి నుంచి తిప్పడం మొదలుపెట్టాలి, ముందున్న ప్లగ్గుల్లో పది వైర్లతో ఏ అక్షరాన్ని దేనితో కలపాలి, ఇవన్నీ కలిపి లెక్కవేస్తే ఎన్ని రకాలుగా అమర్చవచ్చో ఆ సంఖ్య రాయడానికి 21 అంకెలు కావాలి. ఇంతా చేసి ఒక అమరిక దొరికినా అర్ధరాత్రి దాకే పనికొస్తుంది, ఆ తర్వాత జర్మన్లు కొత్తది పెట్టేస్తారు. నవలలో అమ్మాయిలు గడియారం వైపు చూస్తూ ఎందుకు అంత కంగారు పడతారో ఇప్పుడు తెలిసింది కదా.

మరి లోపలికి దారేది? సందేశంలో ఏముండొచ్చో ఊహించడమే. క్రిబ్ అంటే అదే. చిన్నప్పుడు మనం క భాష మాట్లాడుకునేవాళ్లం కదా, "నువ్వు రా" అనడానికి "కనుకవ్వు కరా" అని. సూత్రం తెలియని పిల్లకి కూడా, వీళ్లు నా పేరే అంటున్నారని ఒక్కసారి అనుమానం తగిలితే చాలు, ఆ పేరు పట్టుకుని మిగతాదంతా లాగేస్తుంది. జర్మన్లు రోజూ వాతావరణ నివేదిక పంపేవాళ్లు, దాదాపు ఒకే వరసలో, ఒకే మాటలతో. ఆ మాటలే వీళ్లకు తాళంచెవి. పైగా ఎనిగ్మాకు ఒక పెద్ద లోపం ఉంది: ఏ అక్షరమూ మళ్లీ అదే అక్షరంగా రాదు. ఊహించిన మాటను సంకేతం కింద పెట్టి జరుపుకుంటూ వెళ్తే, పైనా కిందా ఒకే అక్షరం పడిన ప్రతి చోటునూ కొట్టేయొచ్చు.

ఈ లోపం ఎంత పనిచేసిందో చెప్పడానికి మేవిస్ లీవర్ సంగతి ఒక్కటి చాలు. లండన్‌లో జర్మన్ సాహిత్యం చదువుతూ మధ్యలో వచ్చి చేరింది, అప్పటికి ఆమెకు 19 ఏళ్లు. చేరిన రోజున ఆమె పై అధికారి డిల్విన్ నాక్స్, గ్రీకు పండితుడాయన, మేం ఇక్కడ యంత్రాలు బద్దలు కొడుతున్నాం, నీ దగ్గర పెన్సిల్ ఉందా అని అడిగాడట. శిక్షణ అంతే. ఒకరోజు ఇటాలియన్ నావికాదళం ఎనిగ్మాతో పంపిన సందేశం ఒకటి ఆమె బల్ల మీదకు వచ్చింది. ఎంతసేపు చూసినా ఏదో లోటుగా ఉంది. చివరికి పట్టుకుంది: అంత పొడుగు సందేశంలో ఒక్క ఎల్ అక్షరం కూడా లేదు. ఎల్ ఎక్కడా రాలేదంటే నొక్కిందల్లా ఎల్ అయ్యుండాలి! ఉత్తుత్తి సందేశం ఒకటి పంపమని పైవాళ్లు చెబితే, ఆ కుర్రాడెవడో బద్ధకంగా కూర్చుని చివరి మీద ఉన్న ఒకే మీట వరసగా నొక్కుతూ పోయాడన్నమాట. ఆ సందేశంతో కొత్త చక్రం లోపలి వైరింగ్ బయటపడిపోయింది.

ఇందులో లెక్కల కంటే ఎక్కువగా ఉన్నది మనిషిని కనిపెట్టడం. ఎక్కడో సముద్రం ఒడ్డున విసుగ్గా కూర్చున్న ఒక ఆపరేటర్ వేలు ఎటు పోతుందో, ఇంగ్లండ్‌లో ఉన్న ఒక కాలేజీ పిల్ల ఊహించింది. అందుకే ఈ నేపథ్యం నవలకు ఇంత బాగా అతుకుతుంది. మీ నవలలో ఆ పేజీలు వచ్చినప్పుడు యంత్రాన్ని కాదు, ఆమె కళ్లనూ చేతులనూ చూస్తూ చదవండి. అన్నం వేళ మర్చిపోయిందా, పక్కనున్న అమ్మాయి టీ తెచ్చిపెట్టిందా, ఆ టీ చల్లారిపోయిందా, ఇవి చూడండి.

వరంగల్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్: నాకు నచ్చనిది ఒకటుంది. ప్రాణ స్నేహితులు ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే చోట పనిచేస్తూ, ఒకరి పని ఒకరికి చెప్పుకోరు, దాంతో అపార్థాలు, గొడవలు. భార్యాభర్తలు కూడా ఏళ్ల తరబడి చెప్పుకోలేదంటారు. కథ నడపడానికి రచయితలు కల్పించిన అతిశయోక్తి కాదా ఇది?

కాదు మాస్టారూ. ఇంకా చెప్పాలంటే, చాలా నవలలు నిజాన్ని కాస్త తగ్గించే చూపిస్తున్నాయి.

చేరిన రోజే అధికార రహస్యాల చట్టం కింద సంతకం పెట్టించుకునేవాళ్లు. ఏ షెడ్డు వాళ్లు ఆ షెడ్డు పనే తెలుసుకోవాలి. ఆరో షెడ్డులో జర్మన్ సైన్యం, వైమానిక దళం సందేశాలు విప్పేవాళ్లు, మూడో షెడ్డులో వాటిని అనువదించి అర్థం తేల్చేవాళ్లు. రెండూ పక్కపక్కనే. మధ్యలో చిన్న చెక్క సొరంగం లాంటిది కట్టి, కాగితాలు ట్రేలో పెట్టి చీపురు కర్రతో అవతలికి నెట్టేవాళ్లు. నెట్టిన మనిషికి ఆ కాగితంతో ఆ తర్వాత ఏమైందో తెలిసేది కాదు. నిజంగానే అలా జరిగింది. నాకు మాత్రం ఆ చీపురు కర్ర, ఈ కథలన్నిటిలో కంటికి కట్టినట్టు కనిపించే వస్తువు.

యంత్రాలు నడిపిన అమ్మాయిల సంగతి ఇంకా కష్టం. ఎనిగ్మా అమరికలు వెతకడానికి ఆలన్ ట్యూరింగ్, వెల్చ్‌మన్ అనే గణితవేత్తలు రూపొందించిన బాంబ్ అనే యంత్రాలు (పేరే అది, పేలే బాంబు కాదు) యుద్ధం చివరికి 200 దాకా ఉండేవి. వాటిని నడిపింది చాలావరకు నౌకాదళం మహిళా విభాగంలోని అమ్మాయిలే. మూడు షిఫ్టులు, రొద, నూనె మరకలు, ఎనిమిది గంటలు నిలబడే పని. అమరిక దొరికిందని యంత్రం ఆగితే ఆ అక్షరాలు ఫోన్‌లో చెప్పేసి మళ్లీ చక్రాలు మార్చుకోవడమే, ఏ ఓడ బతికిందో ఏది మునిగిందో వాళ్లకెవరు చెబుతారు?

యుద్ధం ముగిశాక కూడా ఈ సంకెళ్లు విడిపోలేదు. 1974లో ఒక మాజీ అధికారి పుస్తకం వచ్చి గుట్టు బయటపడేదాకా, అంటే దాదాపు 30 ఏళ్లు, ఇన్ని వేలమంది గప్‌చుప్‌గా ఉండిపోయారు. యుద్ధంలో నువ్వేం చేశావమ్మా అని కన్నతండ్రి అడిగితే ఆఫీసులో గుమాస్తా పని అని చెప్పి ఊరుకున్నారు. నిజం చెప్పే రోజు వచ్చేసరికి చాలామందికి అమ్మానాన్నలు లేరు. కూతురు టైపు కొట్టుకునే అమ్మాయి అనుకుంటూనే ఆ పెద్దాయన వెళ్లిపోయాడన్నమాట. నేనైతే ఈ మాట తలుచుకున్నప్పుడల్లా కాసేపు పుస్తకం పక్కన పెట్టేస్తాను.

మీరు అపార్థాలు, గొడవలు అన్నారు చూడండి, నా దృష్టిలో నవల బాగోగులు తేలేది సరిగ్గా అక్కడే. నాసిరకం నవలలో రహస్యం అంటే తాళం వేసిన సొరుగు, అంతే. మంచి నవలలో ఆ రహస్యం స్నేహం మీద పనిచేస్తుంది. "నాకు తెలిసింది నీకు చెప్పలేను, చెప్పలేదని నువ్వు బాధపడుతున్నావని కూడా నాకు తెలుసు" అనే స్థితిలో ఇద్దరు మనుషులు ఒకే గదిలో పడుకోవాలి. మీ అన్నయ్య వెళ్తున్న ఓడల కాన్వాయ్ మీద జలాంతర్గాములు కాపు కాశాయని నా చేతిలో కాగితం ఉంది, నువ్వు పొద్దున్నే నాకు అన్నయ్య ఉత్తరం చదివి వినిపిస్తున్నావు. నేనేం చేయాలి? ఇలాంటి చోట గొడవలు రాకపోతేనే అది కల్పన అవుతుంది.

అలాగని అక్కడంతా ఏడుపే అనుకోకండి. ఓస్లా బెనింగ్, సారా నార్టన్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు నిజంగానే ఉండేవాళ్లు. పెద్దింటి అమ్మాయిలు, మొదట విమానాల ఫ్యాక్టరీలో చెమటోడ్చి, తర్వాత బ్లెచ్లీలో నౌకాదళ విభాగానికి వచ్చారు. ఒక రాత్రి షిఫ్టులో నిద్ర ముంచుకొస్తుంటే, కాగితాలు తరలించే పెద్ద చక్రాల బుట్టలో తోటి అమ్మాయి జీన్ క్యాంప్‌బెల్-హారిస్‌ను కూర్చోబెట్టి నడవాలో తోసేశారు. బుట్ట జోరందుకుంది, పట్టు జారింది, స్వింగు తలుపులు తోసుకుంటూ తిన్నగా మగవాళ్ల బాత్రూములోకి వెళ్లి ఆగింది! గట్టిగా చీవాట్లు తిన్నారు, షిఫ్టులు విడదీసేశారు. బుట్టలో కూర్చున్న ఆ జీన్ తర్వాత బ్రిటిష్ ఎగువ సభలో సభ్యురాలైంది. ఇరవై ఏళ్ల పిల్లలు కదా మాస్టారూ, అంత బరువు నెత్తిన పెట్టుకుని కూడా ఆడుకున్నారు. ఆ ఆట లేని నవలను నేను నమ్మను.

హైదరాబాద్ నుంచి ఒక ఐటీ ఉద్యోగి: యుద్ధ నవల అన్నారు. సగం చదివాను, ఒక్క యుద్ధం లేదు. అందరూ కాగితాలు ముందేసుకుని కూర్చోవడమే. ఓపిక పట్టాలా, ఆపేయాలా?

యుద్ధభూమి కోసమే మొదలుపెట్టి ఉంటే ఆపేయండి, తప్పేం లేదు. మనుషుల కోసమైతే ఇంకో యాభై పేజీలు ఇవ్వండి.

కాకపోతే ఆ కాగితాల వెనక ఏముందో ఒక ఉదాహరణ చెప్పనివ్వండి. 1942 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గాములు తమ ఎనిగ్మాలో నాలుగో చక్రం పెట్టాయి. అంతే, బ్లెచ్లీకి చీకటి. దాదాపు పది నెలలు అట్లాంటిక్ సందేశాలు చదవలేకపోయారు, ఓడలు మునుగుతున్న లెక్కలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఆ అక్టోబర్ 30న తూర్పు మధ్యధరా సముద్రంలో యు-559 అనే జలాంతర్గామి దెబ్బతిని మునిగిపోతుంటే, బ్రిటిష్ ఓడ మీది లెఫ్టినెంట్ ఆంటొనీ ఫాసన్, నావికుడు కాలిన్ గ్రేజియర్ ఈదుకుంటూ వెళ్లి దానిలోకి దిగారు. ఓడ క్యాంటీన్‌లో పనిచేసే టామీ బ్రౌన్ అనే 16 ఏళ్ల కుర్రాడు కూడా వెళ్లాడు, వయసు ఎక్కువని అబద్ధం చెప్పి పనిలో చేరినవాడు. లోపలివాళ్లు సంకేత పుస్తకాలు అందిస్తుంటే వాడు అందుకున్నాడు. జలాంతర్గామి ఒక్కసారిగా మునిగింది. బ్రౌన్ బయటపడ్డాడు, మిగతా ఇద్దరూ దానితోపాటే వెళ్లిపోయారు.

ఆ తడిసిన పుస్తకాలు బ్లెచ్లీ చేరాక డిసెంబర్‌లో మళ్లీ సంకేతం లొంగింది. బల్ల ముందు కూర్చున్నవాళ్ల చేతికొచ్చింది ఒక కట్ట కాగితాలు, అవి ఎవరి ప్రాణాలతో వచ్చాయో అక్కడ చాలామందికి తెలియదు. మీరు చదువుతున్న నవలలో యుద్ధం లేదనిపిస్తోందే, అది ఆ కాగితం అంచున ఆగి ఉంది. మంచి రచయిత దాన్ని మీకు చూపించకుండా తెలియజేస్తాడు.

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు: అక్కా, నవల అయిపోయింది, రెండు రోజులు దాని మత్తులోనే ఉన్నాను. ఇప్పుడు ఏది నిజం, ఏది కల్పన అని ఆరాటం. బ్లెచ్లీలో ద్రోహి ఉండేవాడా? కోవెంట్రీ నగరం మీద బాంబులు పడతాయని తెలిసి కూడా చర్చిల్ ఊరుకున్నాడట, అదీ నిజమేనా?

ద్రోహి ఉన్నాడమ్మా. జాన్ కేర్న్‌క్రాస్ అని, మూడో షెడ్డులో పనిచేస్తూ విప్పిన సందేశాలను సోవియట్ యూనియన్‌కు చేరవేశాడు. అప్పట్లో రష్యా మిత్రపక్షమే, వాళ్లకు సాయం చేయడం తప్పెలా అవుతుందన్నది ఆయన వాదన. తప్పా ఒప్పా అన్నది మీ నవలలోని ద్రోహి విషయంలో కూడా ఒకసారి ఆలోచించి చూడండి, ఆ పాత్రకు తన కారణం ఉందా, లేక కథకు విలన్ కావాలని పెట్టారా అని.

కోవెంట్రీ కథ మాత్రం నమ్మకండి. 1940 నవంబర్ 14 రాత్రి పెద్ద దాడి జరగబోతోందని ముందే తెలుసు, ఏ ఊరి మీదో మాత్రం సమయానికి తేలలేదు. ఆ సాయంత్రం లండన్ మీదే పడతారనుకుని చర్చిల్ దారిలోంచి లండన్‌కు వెనక్కి వచ్చేశాడు. రహస్యం కాపాడుకోవడానికి ఊరిని బలిచ్చాడన్నది వినడానికి గొప్ప నాటకంలా ఉంటుంది, అందుకే అన్ని చోట్లా తిరుగుతోంది. చరిత్రకారులు ఒప్పుకోలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది, నాకు కాస్త కోపం తెప్పించేది. ఇంగ్లిష్ నవలల్లో చాలావాటికి ఈ కథ 1939లో బ్లెచ్లీలోనే మొదలవుతుంది. ఎనిగ్మాను మొదట విప్పింది పోలండ్ వాళ్లు, 1932 డిసెంబర్‌లోనే. మరియన్ రెయెవ్‌స్కీ అనే యువ గణితవేత్త ఆ యంత్రం లోపలి వైరింగ్‌ను చూడకుండానే లెక్కగట్టి చెప్పాడు, ఆయనకు తోడు జిగాల్‌స్కీ, రుజిట్‌స్కీ అని ఇద్దరు మిత్రులు. యుద్ధం ముంచుకొస్తోందని తెలిసి 1939 జూలైలో వార్సా దగ్గరి అడవిలో బ్రిటిష్, ఫ్రెంచ్ వాళ్లను పిలిచి ఉన్నదంతా చేతిలో పెట్టారు. ఇంకో ఐదు వారాలకు పోలండ్ మీద జర్మనీ దాడి చేసింది. ఆ ముగ్గురి స్నేహం మీద కూడా ఎవరైనా మనసుపెట్టి నవల రాయాలని నా కోరిక.

స్నేహం అంటే గుర్తొచ్చింది, జోన్ క్లార్క్ గురించి చదవండి. కేంబ్రిడ్జ్‌లో గణితం చదివిన ఆమెకు మొదట ఇచ్చింది వారానికి రెండు పౌండ్ల గుమాస్తా జీతం. ఆడవాళ్లకు తగిన హోదా లేదని, జీతం పెంచడానికి ఆమెను కాగితాల మీద భాషావేత్తగా చూపించారు. హోదా: భాషావేత్త, వచ్చిన భాషలు: ఏమీ లేవు అని ఫారం నింపడం ఆమెకు భలే సరదాగా ఉండేదట. 1941లో ఆలన్ ట్యూరింగ్‌తో ఆమెకు నిశ్చితార్థం జరిగింది. తాను మగవాళ్లను ఇష్టపడతానని ఆయన ఆమెకు చెప్పేశాడు, ఆమె బెదరలేదు, కొన్ని నెలలకు ఆయనే ఆ నిశ్చితార్థం వదులుకున్నాడు. ఇద్దరూ స్నేహితులుగానే మిగిలారు, ఒకే షెడ్డులో పక్కపక్కనే పనిచేశారు. 1944కల్లా ఆమె ఆ షెడ్డుకు ఉప అధిపతి. ఇంత హుందాగా నిలబడ్డ స్నేహాన్ని కల్పనలో నేను పెద్దగా చూడలేదు.

విశాఖపట్నం నుంచి ఒక పీజీ విద్యార్థి: ఇదంతా ఇంగ్లండ్ గొడవ కదా మేడమ్. మనకు ఏమైనా సంబంధం ఉందా?

మీ ఊరి నుంచే ఈ ప్రశ్న వచ్చినందుకు సంతోషం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్ల అమ్మానాన్నలు చెప్పిన కబుర్లు అడిగి చూడండి. దానికి ముందురోజే కొలంబో మీద దాడి జరిగింది. అక్కడున్న బ్రిటిష్ సంకేత విభాగం దాడి రాబోతోందని ముందే పసిగట్టింది, తేదీ దగ్గర మాత్రం నాలుగైదు రోజులు తేడా వచ్చింది.

ఢిల్లీలో కూడా ఒక కేంద్రం ఉండేది. ఆనంద్ పర్బత్ మీద రామ్‌జస్ కాలేజీ భవనాల్లో వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్ అని అమాయకమైన పేరు పెట్టి, జపాన్ సైన్యం సందేశాలు వినడం, విప్పడం అక్కడ చేశారు. బెంగళూరులో దానికి ఉపకేంద్రం ఉండేది. ఇంగ్లండ్‌లో గ్రీకు, లాటిన్ చదువుకున్న కుర్రాళ్లకు ఆరు నెలల్లో జపనీస్ నేర్పించి ఇక్కడికి పంపేవాళ్లు. నవలకు ఎంత ముడిసరుకో చూడండి: ఒకవైపు క్విట్ ఇండియా ఉద్యమం, ఇంకోవైపు అదే ఊళ్లో కొండ మీద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనుషులు, కిందున్న కాలేజీ కుర్రాళ్లలో కొందరు జైల్లో. ఏప్రిల్ 1942 విశాఖతో మొదలయ్యే ఇలాంటి నవల తెలుగులో రావాలి. మీరు పీజీ ఏం చదువుతున్నారో రాయలేదు, చరిత్ర అయితే మాత్రం ఈ పని మీకే అప్పజెబుతున్నాను, రాసి పంపండి, తప్పకుండా చదువుతాను.

డాలస్ నుంచి ఒక గృహిణి: మేం ఆరుగురం తెలుగువాళ్లం నెలకో పుస్తకం చదివి శనివారం కలుస్తాం. ఈసారి బ్లెచ్లీ నవల పెట్టుకున్నాం. ఏం మాట్లాడుకుంటే బాగుంటుంది?

చాలా నవలల్లో కథ రెండు కాలాల్లో నడుస్తుంది, యుద్ధంలో ఒకటి, యుద్ధమయ్యాక ఒకటి. ప్రతి అధ్యాయం మొదట్లో ఉన్న నెలా సంవత్సరం చూసుకోకుండా చదివితే తికమక పడతారని మీవాళ్లకు ముందే చెప్పండి. చివర్లో రచయిత రాసే చారిత్రక వివరణ మాత్రం ముందు చదవొద్దు, అసలు గుట్టంతా అందులోనే ఉంటుంది. మధ్యలో ఫోన్ తీసి పాత్రల పేర్లు వెతకడం కూడా వద్దు, నిజమైన మనుషులైతే వాళ్ల చావు తేదీతో సహా వచ్చేస్తుంది.

మాట్లాడుకోవడానికైతే ఒక్క ప్రశ్న చాలు, సాయంత్రమంతా సరిపోతుంది: స్నేహితురాలి రహస్యం దాచడం, దేశం రహస్యం దాచడం ఒకదానికొకటి అడ్డం వచ్చినప్పుడు మీలో ఎవరు ఏం చేసేవాళ్లు? ఆరుగురిలో కనీసం ఇద్దరు నవలలో అమ్మాయి చేసింది తప్పంటారు. వాళ్లకు ఎక్కువ టైమ్ ఇవ్వండి.

ఖమ్మం నుంచి ఒక తల్లి: మా పాప తొమ్మిదో తరగతి. పజిల్స్ పిచ్చి. ఈ నవలలు ఇవ్వొచ్చా?

పెద్దల కోసం రాసినవాటిలో ప్రేమ వ్యవహారాలు, బాంబు దాడుల్లో చావులు కాస్త గట్టిగానే ఉంటాయి, కాబట్టి ముందు మీరు చదవండి. ఇంగ్లిష్ బాగా చదివే పిల్లయితే పదో తరగతి సెలవుల్లో ఇవ్వొచ్చు. అప్పటిదాకా ఎల్ అక్షరం లేని ఆ సందేశం కథ చెప్పండి. చెప్పేటప్పుడు జవాబు దాచి, ఏ అక్షరమూ తనలా తను రాదన్న ఒక్క నియమం మాత్రం చెప్పి, సందేశంలో ఎల్ ఎందుకు లేదో తననే కనుక్కోమనండి. ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆ మేవిస్ బృందం విప్పిన సందేశాల వల్ల 1941 మార్చిలో గ్రీసు తీరంలోని మటపాన్ దగ్గర ఇటలీ నౌకాదళాన్ని ఓడించిన బ్రిటిష్ అడ్మిరల్ కన్నింగ్‌హామ్ స్వయంగా వాళ్లకు కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చాడు. అప్పుడే సున్నం వేసిన గోడకు ఆయన ఆనుకునేలా చేసి, ముదురు నీలం యూనిఫాం వెనకంతా తెల్లగా చేసి పంపారు ఆ పిల్లలు.